తిథి తెలియని పెద్దలు

తద్దినం అనే మాట తెలుగు ఇళ్లలో వాడి వాడి ఎంత అరిగిపోయిందంటే, అది రెండు సంస్కృత పదాల కూడిక అన్న సంగతి చాలామందికి తట్టదు. ‘తత్’ అంటే ఆ, ‘దినం’ అంటే రోజు. ఒక మనిషి ఏ మాసంలో, ఏ పక్షంలో, ఏ తిథినాడు ప్రాణం విడిచాడో ఆ రోజు ఏటేటా తిరిగి వచ్చినప్పుడు సంతానం పెట్టే శ్రాద్ధానికి ఆ రోజే పేరయింది. యూదులకూ ఇటువంటి ఆచారమే ఉంది; తూర్పు ఐరోపా యూదులు ఇళ్లలో మాట్లాడుకున్న యిడ్డిష్ భాషలో దాన్ని ‘యార్‌ట్సైట్’ అంటారు, ఆ మాటకు ఏటి కాలం అని అర్థం. రెండు సంప్రదాయాల్లోనూ చనిపోయినవారి పట్ల బతికున్నవారి బాధ్యత ఒక తేదీ మీద ఆనుకుని నిలిచింది. కాబట్టి ఆ తేదీయే తెలియకుండా పోయినప్పుడు బాధ్యత ఏమవుతుందన్నది పురోహితుడు పంచాంగం తిరగేసి తేల్చే చిన్న సందేహం కాదు. స్మరణ ఎవరి కోసం, తెలియనిదాన్ని తెలుసుకోవలసిన పూచీ వారసులకు ఎంతవరకు ఉంది అన్న ప్రశ్నలన్నీ దాని వెనకే వస్తాయి.

ఈ పోలిక పైపైది కాదు. యూదుల పంచాంగం కూడా చంద్రుణ్ణి బట్టి నెలలను, సూర్యుణ్ణి బట్టి సంవత్సరాన్ని లెక్కించే చాంద్రసౌరమాన పంచాంగమే. 19 సంవత్సరాలకు 7 సార్లు అందులోనూ ఒక అధికమాసం వస్తుంది, ఆ ఏడు అదార్ అనే నెల రెండుసార్లు నడుస్తుంది. అదార్‌లో పోయినవారికి అధికమాసం వచ్చిన ఏడాది ఏ అదార్‌లో యార్‌ట్సైట్ జరపాలన్న విషయంలో వారి పండితుల మధ్య ఉన్న అభిప్రాయభేదాలు, అధికమాస శ్రాద్ధం గురించి ధర్మశాస్త్ర నిబంధకారులు, అంటే ధర్మవిధులను సంకలనం చేసినవారు, చేసిన చర్చను చదివినవారికి కొత్తగా అనిపించవు. యార్‌ట్సైట్ నాడు యూదుల ఇంట సూర్యాస్తమయం నుంచి మర్నాటి సూర్యాస్తమయం దాకా ఒక దీపం వెలుగుతుంది, కొడుకు ‘కద్దిష్’ చదువుతాడు. కద్దిష్ అంటే అరమాయిక్ భాషలో ఉన్న దైవస్తుతి. దాన్ని చదవడానికి సంప్రదాయం ప్రకారం 10 మంది వయోజన పురుషులు కూడాలి. విచిత్రమేమంటే, మృతుల కోసం చదివే ఆ స్తుతిలో మృత్యువు మాటే రాదు, చనిపోయినవారి పేరూ రాదు. శ్రాద్ధం అలా కాదు. అందులో పేరు, గోత్రం, వరస, తండ్రి, తాత, ముత్తాతలకు చెప్పే వసు రుద్ర ఆదిత్య రూపాల్లో ఏ తరంవారన్నది అన్నీ పలకాలి. ఒకచోట సమాజం పది మందిగా కూడి నిలబడితే చాలు, మరొకచోట చనిపోయిన మనిషి ఎవరో చెప్పి తీరాలి. ఈ భేదం ముందుముందు అక్కరకు వస్తుంది.

తిథులు మూకుమ్మడిగా చెరిగిపోయిన సందర్భం తెలుగువారి చరిత్రలో వెతికితే, అది 1942లో బర్మాలో దొరుకుతుంది. పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధం నుంచి విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల పల్లెలు కరవు వచ్చినప్పుడల్లా రంగూన్ వైపు చూశాయి; ఉత్తరాంధ్ర వాడుకలో ఆ నగరం పేరు రంగం. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లలో వెళ్లిన కూలీలను మేస్త్రీలు, అంటే ముందుగా బయానా ఇచ్చి మనుషులను కూర్చి తీసుకువెళ్లే గుత్తేదారులు, ఓడరేవులకు, ధాన్యం మిల్లులకు, రిక్షా బళ్లకు సర్దేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారిని కోరంగీలు అన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు, వారిలో తెలుగువారు లక్షన్నరకు పైబడి ఉన్నారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఆ ఊళ్లో వారిపట్ల ద్వేషం యుద్ధంతో పుట్టింది కాదు. 1930 మే నెలలో తెలుగు ఓడరేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినప్పుడు కంపెనీలు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకుని, సమ్మె తీరగానే వారిని తొలగించడంతో రేగిన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు భారతీయులు. 1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. మరుసటి ఏడాదే మరో విడత అల్లర్లు జరిగాయి.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ ఒక్క దాడిలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఓడరేవు ప్రాంతంలో పనిచేసే భారతీయ కూలీలు వారిలో ఎక్కువ. 1942 మార్చి మొదటి వారం ముగిసేసరికి నగరం జపాన్ వశమైంది. టికెట్టు దొరికినవారు ఓడల్లో వెళ్లారు. మిగిలినవారు నడిచారు. అరకాన్ కొండలు దాటి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్‌కు కొందరు, చిండ్విన్ నది దాటి తమూ మీదుగా మణిపూర్‌కు కొందరు, అన్నిటికన్నా ఘోరమైన హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లేడోకు మరికొందరు చేరుకున్నారు. మొత్తం 4 లక్షలకు తగ్గకుండా భారతీయులు ఇలా బయటపడ్డారని, దారిలో కలరా, మలేరియా, ఆకలి, మే నెల నుంచి మొదలైన వానలు కలిసి 10 వేల నుంచి 50 వేల దాకా ప్రాణాలు తీశాయని అంచనాలు. ఇంకా ఎక్కువ చెప్పినవారూ ఉన్నారు. తెల్లవారి శిబిరాలు వేరు, నల్లవారి శిబిరాలు వేరు అన్న ఆరోపణ ఆనాడే భారత రాజకీయాల్లో పెద్ద రగడ అయింది. ఈ వలస గురించి 1975లో వ్యాసం రాసిన చరిత్రకారుడు హ్యూ టింకర్ దీన్ని మరచిపోయిన సుదీర్ఘ ప్రయాణంగా వర్ణించాడు. ఆ వర్ణన ఇప్పటికీ పెద్దగా పాతబడలేదు.

ఆ పారిపోయినవారిలో యూదులూ ఉన్నారు. రంగూన్ 26వ వీధిలో ‘ముస్మెయా యెషువా’ అనే ప్రార్థనామందిరం కట్టుకున్న బాగ్దాదీ యూదులు, అంటే బాగ్దాద్ తదితర అరబ్బు నగరాల నుంచి వర్తకం కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు, ఆ నెలల్లోనే దాదాపు అందరూ కలకత్తాకు తరలిపోయారు. జపాన్ జర్మనీకి మిత్రదేశం కాబట్టి వారి భయానికి అదనపు కారణం ఉంది. యుద్ధం తర్వాత తిరిగి వెళ్లినవారు కొద్దిమందే. అంటే ఒకే ఊరి నుంచి, ఒకే కాలంలో, ఒకే శత్రువు నుంచి తెలుగు కూలీ కుటుంబమూ యూదు వర్తక కుటుంబమూ కలిసి పారిపోయిన ఘట్టం చరిత్రలో ఉంది. వారు ఎక్కిన ఓడలు, తొక్కిన దారులు ఎప్పుడూ ఒకటి కాకపోవచ్చు, చేతిలో ఉన్న సొమ్ము ఏమాత్రం ఒకటి కాదు.

ఐరోపా యూదులకు ఎదురైనది మాత్రం వలస కాదు, సంహారం. 60 లక్షల మందిని ఒక ప్రభుత్వం పథకం వేసి చంపింది. బర్మా దారుల మరణాలు యుద్ధం, నిర్లక్ష్యం, జాతివివక్ష కలిసి తెచ్చినవి. వాటిని ఆ సంహారం పక్కన పెట్టి తూచడం ఇద్దరి మృతులకూ అన్యాయమే. ఇక్కడ పోల్చదగినది ఒక్కటే, మరణం తర్వాత మిగిలిన లెక్క. నాజీ ప్రభుత్వం పేర్లు రాసింది. 1938 ఆగస్టులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూదులవని ఆ ప్రభుత్వం జాబితా కట్టిన పేర్లు లేనివారు 1939 జనవరి నుంచి పురుషులైతే ఇజ్రాయెల్ అని, స్త్రీలైతే సారా అని తమ పేరుకు తగిలించుకోవలసి వచ్చింది. జర్మనీ నుంచి, పశ్చిమ ఐరోపా నుంచి రైళ్లలో ఎక్కించి పంపేటప్పుడు పేరు, పుట్టిన తేదీ, బయలుదేరిన తేదీ వరుసగా టైపు కొట్టి ఉంచారు. ఆ జాబితాలు ఆగిపోయేది గమ్యం దగ్గరే. దిగగానే విషవాయువు గదికి నడిపించినవారి పేరు చాలాచోట్ల ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. కాబట్టి ఎన్నో కుటుంబాలకు తమవారు రైలెక్కిన రోజు తెలుసు, పోయిన రోజు తెలియదు.

లోకమంతా ఎరిగిన ఒక కుటుంబం సంగతే ఇందుకు నిదర్శనం. ఫ్రాంక్‌ఫర్ట్ వాసి ఓటో ఫ్రాంక్ 1933లో, హిట్లర్ అధికారానికి వచ్చిన ఏడే, భార్యాబిడ్డలతో ఆమ్‌స్టర్‌డామ్‌కు వలసపోవడానికి నిశ్చయించుకున్నాడు. నెదర్లాండ్స్ కూడా జర్మనీ చేతిలో పడ్డాక 1941లో అమెరికాకు, ఆ పైన క్యూబాకు వీసా సంపాదించడానికి అతను రాసిన ఉత్తరాలు న్యూయార్కులోని యివో సంస్థ భాండాగారంలో మరుగుపడి ఉండి 2007లో గాని బయటికి రాలేదు. 1944 ఆగస్టు 4న దాక్కున్నచోట కుటుంబం పట్టుబడింది. తల్లి ఎడిత్ 1945 జనవరి 6న ఆష్విట్జ్‌లో మరణించింది. కూతుళ్లు మార్గోట్, ఆన్ బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో టైఫస్ జ్వరం ప్రబలిన రోజుల్లో పోయారు. ఏ రోజో చెప్పగలవారు లేకపోవడంతో డచ్ అధికారులు ఆన్ మరణానికి 1945 మార్చి 31వ తేదీ వేశారు. అది నెలాఖరు, తెలియనిదానికి గుమాస్తా గీసిన గీత. 70 సంవత్సరాల తర్వాత, 2015లో, ఆన్ ఫ్రాంక్ హౌస్ పరిశోధకులు సాక్ష్యాలన్నీ మళ్లీ పరిశీలించి ఆమె బహుశా ఫిబ్రవరిలోనే చనిపోయి ఉంటుందని తేల్చారు. జర్మనీలో ఇటువంటివారిని చట్టప్రకారం మృతులుగా ప్రకటించవలసి వచ్చినప్పుడు అనేక సందర్భాల్లో యుద్ధం ముగిసిన 1945 మే 8వ తేదీనే మరణదినంగా రాశారు. దాంతో విజయోత్సవం రోజే వేలాది మందికి తద్దినమయింది.

బర్మా దారుల్లో ఇంతపాటి గుమాస్తాతనం కూడా లేదు. నాజీ రాజ్యం చంపడానికి పేర్లు రాసుకుంటే, వలస రాజ్యం కూలీలను తలలుగా లెక్కపెట్టిందే గాని పేర్లుగా రాయలేదు: ఈ శిబిరంలోకి ఈ రోజు ఇంతమంది వచ్చారు, ఇంతమందికి బియ్యం ఇచ్చారు, ఇంతమందిని పాతిపెట్టారు. కూలీ పేరు తెలిసినవాడు మేస్త్రీ ఒక్కడే, అతని పద్దు పుస్తకం రంగూన్‌లోనే తగలబడింది లేదా దారిలో తడిసి పోయింది. ఒకరి పేరును పత్రంలో ఎక్కించడం, ఎక్కించకపోవడం రెండూ అధికారం చేసే పనులే అన్న సంగతి ఈ రెండింటినీ పక్కపక్కన చదివినప్పుడే తెలుస్తుంది.

ఉత్తరాంధ్రలోని నర్సీపట్నంలో అదే సంగతి యుద్ధానికి 20 ఏళ్ల ముందే కంటికి కనిపిస్తుంది. మన్యంలోకి వెళ్లే దారికి ముఖద్వారమైన ఈ ఊరు 1922–24 మధ్య అల్లూరి సీతారామరాజు పితూరీని అణచడానికి ప్రభుత్వం పెట్టుకున్న కేంద్రాల్లో ఒకటి. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో విప్లవకారుల చేతిలో హతులైన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారుల సమాధులు ఇక్కడే ఉన్నాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చివేతకు గురైన సీతారామరాజు సమాధి ఊరికి అట్టే దూరం లేని కృష్ణదేవిపేటలో ఉంది; ఆ తేదీన ఏటా వర్ధంతి జరుగుతుంది. కాని ఆ రెండేళ్లలో అడవిలో, జైళ్లలో, జ్వరాలతో రాలిపోయిన మన్యం మనుషుల్లో ఎక్కువమందికి రాయి లేదు, రోజూ లేదు. చంపినవారి వైపున ఉన్నా చచ్చినవారి వైపున ఉన్నా, కాగితాలకెక్కిన మనిషికే తద్దినం మిగిలింది.

ధర్మశాస్త్రం ఈ చిక్కును ఎరగనిది కాదు. భాద్రపద బహుళపక్షాన్ని మహాలయపక్షమని పితృదేవతలకు కేటాయించి, అందులో అమావాస్యను తిథి తెలియనివారందరికీ ఉమ్మడి దినంగా పెట్టింది. ఆయుధాల వల్ల, దుర్ఘటనల వల్ల పోయినవారికి దానికి ముందురోజైన చతుర్దశిని నిర్ణయించింది. మూడు తరాల పరిధికి బయట ఉన్న బంధువులు, గురువులు, స్నేహితులు ‘కారుణ్యపితరులు’ అనే పేరుతో తర్పణం అందుకుంటారు. తర్పణం చివర తడిబట్ట అంచు పిండి ఆ నీటిని తమ కులంలో పుట్టి పుత్రులు లేకుండా పోయినవారికి వదలడం కూడా అందులో భాగమే. గోత్రం తెలియకపోతే కాశ్యపగోత్రం చెప్పవచ్చు. తండ్రి తాతల పేర్లే తెలియకపోతే భూమి మీద ఉన్న పితరులకు, అంతరిక్షంలో ఉన్న పితరులకు, ద్యులోకంలో ఉన్న పితరులకు అని చెప్పి పిండం పెట్టే పద్ధతి కల్పసూత్రాల్లో ఉంది. ఒక మనిషి గురించి పేరు, గోత్రం, రోజు ఏవీ తెలియకపోయినా శ్రాద్ధం ఆగనవసరం లేదన్నమాట.

దీని వెనక ఉన్న తర్కం మీమాంసకులది. మీమాంస అంటే వేదవాక్యాల అర్థాన్ని, కర్మల నిర్మాణాన్ని విచారించే దర్శనం. దాని ప్రకారం ప్రతి కర్మలో ప్రధానం ఒకటి, దానికి తోడ్పడే అంగాలు కొన్ని ఉంటాయి. ఫలం కోరి చేసే కామ్యకర్మలో ఏ అంగం లోపించినా ఫలం రాదు గాని, చేసి తీరవలసిన నిత్యకర్మలో చేతనైనంత చేస్తే చాలు, దొరకని ద్రవ్యానికి బదులు మరొకటి వాడవచ్చు. ఈ బదులును ‘ప్రతినిధి’ అంటారు. ఆ దృష్టితో చూస్తే తిథి ఒక అంగం, అమావాస్య దాని ప్రతినిధి. కాని ఇదే శాస్త్రం ఒక షరతు కూడా పెట్టింది, దాన్ని గుర్తుపెట్టుకునేవారు తక్కువ: అసలు దొరికే అవకాశం ఉండగా ప్రతినిధిని తీసుకోవడం చెల్లదు. వరిబియ్యం దొరికేచోట నీవారధాన్యంతో, అంటే అడవివరితో, యజ్ఞం చేస్తే అది సర్దుబాటు కాదు, లోపం.

జాడ తెలియకుండా పోయినవాడి సంగతి ఇంకా కఠినమైనది. అతను మృతుడో కాదో తెలియదు కాబట్టి 12 సంవత్సరాలు ఎదురుచూసి, ఆ తర్వాత దర్భలతో మనిషి ఆకారం చేసి, ఒక్కొక్క ఎముకకు ఒక్కొక్కటిగా 360 మోదుగ కాడలు అమర్చి దహనం చేయాలన్నారు; శరీరంలో ఎముకలు 360 అన్నది చరకుని లెక్క. దహనమయ్యాక ఆ మనిషి బతికి వస్తే అతనికి జాతకర్మ మొదలు సంస్కారాలన్నీ మళ్లీ జరిపి, అదే భార్యతో మళ్లీ పెళ్లి చేయాలని కూడా రాసిపెట్టారు. చావు నిర్ణయమైతే గాని వైధవ్యం రాదు, నిర్ణయం కాకపోతే సుమంగళి స్థితీ నిలవదు. ఈ మధ్యలో 12 ఏళ్లు కుంకుమ పెట్టుకోవాలో మానాలో తెలియని స్త్రీ గురించి శాస్త్రాలు చెప్పింది తక్కువ. 1872 నాటి సాక్ష్య చట్టం ఆ గడువును 7 ఏళ్లకు తగ్గించింది: బతికి ఉంటే సహజంగా కబురు అందవలసినవారికి 7 ఏళ్లుగా ఏ కబురూ లేని మనిషిని, బతికే ఉన్నాడని ఎవరూ రుజువు చేయకపోతే, మృతుడిగా భావించవచ్చు. అయితే అతను చనిపోయాడని మాత్రమే 2024 దాకా అమల్లో ఉన్న ఆ చట్టం ఊహించింది, ఎప్పుడు చనిపోయాడన్నది ఊహించలేదు. తద్దినానికి కావలసింది సరిగ్గా ఆ రెండోదే.

యూదు ధర్మం జాడ తెలియని భర్త విషయంలో కాలపరిమితిని అసలు ఒప్పుకోదు. ఎన్నేళ్లు గడిచినా మరణానికి సాక్ష్యం కావాలి. అది లేని భార్యను ‘అగునా’, అంటే బంధించబడిన స్త్రీ, అంటారు. వారి స్మృతిసంకలనమైన మిష్నా మీది చర్చాగ్రంథమైన తల్ముద్‌లో నీట మునిగినవాడి గురించి ఒక విచారణ ఉంది: నాలుగు దరులూ కనిపించే నీటిలో మునిగితే, బతికి ఉండడం అసాధ్యమయ్యేంతసేపు ఎదురుచూసి అతను పోయాడని చెప్పవచ్చు, దరి కనిపించని నీటిలో మునిగితే, ఎక్కడో తేలి ఉండవచ్చు కాబట్టి అతని భార్యకు మళ్లీ పెళ్లి నిషిద్ధం. ఇంత కఠినంగా ఉన్నందువల్లే సాక్ష్యం విషయంలో మాత్రం పండితులు తలుపులు బార్లా తెరిచారు. ఇతర వ్యాజ్యాల్లో ఇద్దరు సాక్షులు కావలసి ఉండగా ఇక్కడ ఒక్కరు చాలు, స్త్రీ అయినా చాలు, అన్యమతస్థుడు యథాలాపంగా అన్న మాటైనా చాలు. లిథువేనియాలో నాజీలు యూదులను కుక్కి ఉంచిన కోవ్నో నిర్బంధవాడలో ఎఫ్రాయిమ్ ఓష్రీ అనే యువ రబ్బీ, అంటే ధర్మనిర్ణయం చెప్పే పండితుడు, తన దగ్గరికి వచ్చిన ప్రశ్నలను చిత్తుకాగితాల మీద రాసి డబ్బాల్లో పెట్టి పాతిపెట్టాడు. 1944లో విముక్తి తర్వాత వాటిని తవ్వి తీసి సంపుటాలుగా ప్రచురించాడు. మృత్యువు ముంగిట నిలబడినవారు ధర్మసందేహాలు అడిగారన్నదానికన్నా, అడిగినవాటికి జవాబు రాసి భద్రపరచాలని ఒకరికి తోచిందన్నది ఆశ్చర్యం.

తేదీల విషయానికి వస్తే యూదులూ ఉమ్మడిదినం దగ్గరికే వచ్చారు. ఇజ్రాయెల్ ఏర్పడిన తొలి సంవత్సరాల్లో అక్కడి ప్రధాన రబ్బీల పీఠం తెవేత్ నెల 10వ తేదీని, పూర్వం బాబిలోను రాజు యెరూషలేమును ముట్టడించిన దుర్దినంగా ఉపవాసం పాటించే రోజును, మరణదినం తెలియనివారందరి కోసం కద్దిష్ చదివే దినంగా ప్రకటించింది. కొన్ని ఊళ్లవారు తమ నిర్బంధవాడను ఖాళీ చేయించిన రోజునే ఊరంతటికీ యార్‌ట్సైట్‌గా పెట్టుకున్నారు. మహాలయ అమావాస్యకూ తెవేత్ 10కీ పొందిక ఎంత సహజంగా ఉందో చెప్పనక్కర లేదు. తేడా ఒక్కటే: అమావాస్య ఎన్నడో శాస్త్రం ముందుచూపుతో ఉంచిన రోజు, తెవేత్ 10 మృతుల సంఖ్య చూసి కొత్తగా కేటాయించుకోవలసి వచ్చిన రోజు.

అయితే ఇంతవరకు చెప్పిన హైందవ విధులన్నీ గ్రంథస్థ ధర్మానికి చెందినవి. రంగం వెళ్లినవారిలో అత్యధికులకు మంత్రాలు చెప్పే పురోహితుడూ లేడు, తిథులు రాసిన కాగితమూ లేదు. ఉత్తరాంధ్ర వ్యవసాయ, మత్స్యకార, దళిత కుటుంబాల్లో మృతులను తలచుకునేది సంక్రాంతికి. దాన్ని పెద్దల పండగ అనడంలోనే అందుకు సాక్ష్యం ఉంది. ఆనాడు ఇంట్లో ఒకచోట అలికి ముగ్గుపెట్టి, పోయినవారికి కొత్త బట్టలు పెట్టి, వండినవి వడ్డించి, పేరుపేరునా తలచుకుని, ఆ తర్వాత ఆ బట్టలు ఇంటివారు కట్టుకుంటారు. ఎవరు ఏ రోజు పోయారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. శాస్త్రం ప్రతినిధి అనే సిద్ధాంతం కట్టి, అమావాస్యను వెతికి సాధించిన దాన్ని పల్లె ఆచారం అసలు సమస్యగానే చూడలేదు. పంటలు ఇంటికి వచ్చిన రోజే పెద్దలందరి రోజు. ఈ వ్యాసం మొదట్లో తద్దినానికి ఇచ్చిన ప్రాధాన్యాన్ని ఇక్కడ కొంత తగ్గించుకోవలసిందే.

మరి ఉమ్మడిదినం ఉన్నప్పుడు, పెద్దల పండగ ఉన్నప్పుడు, వారసులు ఇంకా వెతకవలసింది ఏమిటి? కర్మ చేయడానికి వెతకనక్కర లేదన్నది స్పష్టం. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి చెప్పిన మాట ప్రకారం మనిషి మూడు ఋణాలతో పుడతాడు. ఋషిఋణం అధ్యయనంతో, దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో తీరుతుంది. పితరుల చరిత్ర తెలుసుకోవడం పితృఋణంలో లేదు. ఆ పూచీ ఎక్కడైనా ఉంటే ఋషిఋణంలోనే ఉండాలి, ఎందుకంటే తెలుసుకోవడం ద్వారా తీర్చే అప్పు అదొక్కటే. కాగితాలు తిరగేసి తాత ఏ ఓడ ఎక్కాడో, ఏ శిబిరంలో ఆగిపోయాడో కనుక్కునే మనుమరాలు ఒక ఋణాన్ని మరొక ఋణం ఖాతాలో జమ కడుతోందన్నమాట. ఈ వ్యాఖ్య ఏ భాష్యకారుడూ చేసినది కాదు, కాని మీమాంసకుల షరతును దీనికి అన్వయిస్తే ఫలితం తేలిగ్గా కొట్టిపారేయలేనిది: ప్రతినిధి చెల్లేది అసలు దొరకనప్పుడే. తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు. జర్మనీలోని ఆరోల్‌సెన్ భాండాగారంలో కోటి 70 లక్షలకు పైగా మనుషుల పేర్లున్న పత్రాలు దశాబ్దాల పాటు మూసి ఉండి 2007లో పరిశోధకులకు తెరుచుకున్నాయి; యెరూషలేములోని యాద్ వషెమ్ సంస్థ బంధువులు రాసి ఇచ్చిన పత్రాల ద్వారా, జాబితాల ద్వారా 48 లక్షలకు పైగా మృతుల పేర్లు సేకరించింది. ఆ సంస్థ పేరుకు జ్ఞాపికయు నామమును అని అర్థం, యెషయా ప్రవచనం నుంచి తీసుకున్నది. ఆ తలుపులు తెరుచుకున్న రోజున తెవేత్ 10న కద్దిష్ చదువుతున్న ఎన్నో కుటుంబాలకు అంతవరకు తెలియకపోవడంగా ఉన్నది తెలుసుకోకపోవడంగా మారిపోయింది.

బర్మా కుటుంబాలకు అటువంటి తలుపు లేదు. 1964లో బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం పెద్ద నోట్లు రద్దుచేసి, దుకాణాలు జాతీయం చేసి భారతీయులను మరోసారి వెళ్లగొట్టినప్పుడు వచ్చినవారికి కనీసం ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉంది, విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరుతో నిలిచిన పేట ఉంది. 1942లో నడిచివచ్చినవారికి అదీ లేదు. కాగితం లేనిచోట వంశచరిత్ర మాటగానే బతుకుతుంది, మాటకు తనదైన స్వేచ్ఛ ఉంటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1990ల తొలినాళ్ల నుంచి యూదు ప్రార్థనామందిరం నడుపుకుంటున్న బెనే ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము సంతానం, అనే మాదిగ కుటుంబాలవారు తాము ఇశ్రాయేలీయుల తప్పిపోయిన గోత్రానికి చెందినవారమని, తరతరాల అణచివేతలో ఆ సంగతి మరుగున పడిందని చెబుతారు. పత్రాలతో రుజువు చేయమని వారిని అడిగేవారు, పత్రాలు ఉంచుకునే హక్కు ఎవరికి ఉండేదో కూడా అడగాలి. అయినా మాట మీద మాత్రమే నిలిచిన వంశచరిత్రలో వెతకడం, కోరుకోవడం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయన్నది నిజం. 1942 కుటుంబాల వారసులకూ ఆ ప్రమాదం తప్పదు.

ఆ కుటుంబాల్లో అడగడానికి మిగిలినవారిలో నడిచివచ్చినవారు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు, విన్నవారే ఉన్నారు. విన్నవారు చెప్పగలిగేది తేదీ కాదు. ఎవరు చేయి పట్టుకుని నడిచారు, ఎవరిని చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్లకు వెళ్లి వచ్చేసరికి లేరు, ఎవరి మూట ఎవరు మోశారు అన్నంతవరకే. శాస్త్రం అడిగే పేరు, గోత్రం, తిథుల్లో ఇవేవీ ఇమడవు, వంశవృక్షం గీసే కాగితం మీద వీటికి గడి ఉండదు. పల్లెలో పెద్దల పండగకు తిథి అక్కరలేదన్నది నిజమే గాని, ఎవరెవరికి బట్టలు పెట్టాలన్నది మాత్రం ఆ ఇంటివారు నిర్ణయించుకోవాలి. రంగం నుంచి తిరిగిరాని మనిషికి మొదటిసారి పంచె తీసి ముగ్గు మీద పెట్టడమంటే, అతను ఇక రాడని ఆ ఇల్లు ఒప్పుకోవడం. 12 ఏళ్ల గడువు, 7 ఏళ్ల గడువు, దరి కనిపించని నీళ్లు, వీటిలో ఏదీ ఆ ఇంటి తల్లికి ఏ సంక్రాంతికి ఆ పంచె కొనాలో చెప్పలేదు.